పాత ఆక్టేవియా ఆర్‌ఎస్, నల్లగొండ ఎండ: ముందు రిపేరా, ముందు పవరా?

పానగల్_ఆర్‌ఎస్ (నల్లగొండ), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు మా వీధిలో ఒక డాక్టర్ గారి దగ్గర నల్ల స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు ఉండేది. సాయంత్రం ఆయన గేటు తీయించుకుని లోపలికి వస్తుంటే క్రికెట్ ఆపేసి చూసేవాళ్లం. ఇరవై ఏళ్ల తర్వాత మొన్న ఉగాదికి అలాంటి బండే కొన్నాను. 2005 మోడల్, ఏపీ 09 నంబర్, 1.8 టర్బో పెట్రోల్, 5 గేర్లు, లక్షా 32 వేల కిలోమీటర్లు తిరిగింది. హైదరాబాద్ నుంచి నేనే నడుపుకుంటూ తెచ్చుకున్నా.

ఇప్పుడు బాధలు చెప్తా. హైవే మీద వేడి ముల్లు 70 దగ్గరే ఉంటోంది. నార్కట్‌పల్లి దాటి ఊళ్లోకి వచ్చి క్లాక్ టవర్ దగ్గర రెండు నిమిషాలు ఏసీతో ఆగితే 90 దాటి పైకి పోతోంది. 2500 ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తొక్కితే ‘స్స్’ అని గాలి పోయిన చప్పుడు వస్తోంది, బండి ఎత్తుకోవడం లేదు. న్యూట్రల్‌లో ఆర్‌పీఎం 700కీ 1100కీ మధ్య ఊగుతోంది.

ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది, కింద షాబాదు బండలు. 3 టన్నుల జాకీ, రెండు స్టాండ్లు, సాకెట్ సెట్టు, టార్క్ రించ్, బండి కంప్యూటర్ లెక్కలు చూపే బ్లూటూత్ స్కానర్ ఉన్నాయి. హైదరాబాద్‌లో ట్యూనింగ్ చేసే ఒకాయన ‘రీమ్యాప్ చేస్తే, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చితే, పవర్ 150 నుంచి 190 దగ్గరకు పోతుంది, చిన్న చిన్న లోపాలు అందులోనే సర్దుకుంటాయి’ అంటున్నాడు. ముందు రీమ్యాప్ చేయించి ఆ ఊపులో మిగతావి చేసుకోనా, లేక ముందు ఇవన్నీ చూడనా?


జడ్చర్ల_44, శనివారం రాత్రి 10:15

తమ్ముడూ, ఆ పని మాత్రం చేయకు. నాలుగేళ్ల కింద నేను అచ్చం అదే చేశాను. బండి తెచ్చిన పదో రోజే రీమ్యాప్ చేయించాను. మొదటి వారం గాల్లో తేలినట్టు ఉండేది. రెండో వారం నాలుగో గేర్లో క్లచ్ జారడం మొదలైంది. ఆర్‌పీఎం పెరుగుతుంది, బండి మాత్రం కదలదు. సరే అని క్లచ్ వేయించాను. మూడో నెలలో భూత్పూర్ దాటాక వెనక అద్దంలో చూస్తే నీలం పొగ, లారీ వాళ్లు హారన్ కొట్టి మరీ చూపిస్తున్నారు.

విప్పి చూస్తే టర్బోకి ఆయిల్ తెచ్చే సన్న పైపు లోపల బొగ్గు పట్టి మూసుకుపోయి ఉంది. రీమ్యాప్‌కు ముందే అది సగం మూసుకుపోయి ఉంటుంది. మామూలు బూస్ట్‌కు (టర్బో ఇంజిన్లోకి నెట్టే గాలి ఒత్తిడికి) సరిపోయే ఆయిల్ ఎక్కువ బూస్ట్‌కు సరిపోలేదు, టర్బో బేరింగ్ పోయింది. లోపాలు రీమ్యాప్‌లో సర్దుకుంటాయన్న మాట నమ్మొద్దు. ఉన్న లోపాన్ని అది ఇంకా గట్టిగా నొక్కుతుంది, అంతే.


పాలమూరు_పాతబండి (మహబూబ్‌నగర్), ఆదివారం ఉదయం 6:20

పదకొండేళ్లుగా ఇదే బండి నడుపుతున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1781 సీసీ, సిలిండర్‌కు 5 చొప్పున 20 వాల్వులు, 150 పీఎస్, 1750 ఆర్‌పీఎం నుంచే 210 ఎన్‌ఎం టార్క్. ఇవాళ్టి లెక్కల్లో ఇది పెద్ద బలం కాదు. కానీ బాగున్న ఇంజిన్ అయితే రెండు వేల దగ్గరే వెనక నుంచి ఎవరో తోసినట్టు లాగుతుంది. మీ బండిలో అది లేదంటే మీరు ఇప్పుడు 150 కూడా వాడుకోవడం లేదన్నమాట. ఉన్న 150 తిరిగి తెచ్చుకున్నాకే 190 సంగతి.

మీరు చెప్పినదాంట్లో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఒకటే. హైవే మీద 70, ఊళ్లో 90 పైన. ఈ బండి మీటర్‌లో ముల్లు మామూలుగా అలా తిరగదు. అసలు వేడి 75 ఉన్నా 105 ఉన్నా ఇంచుమించు 90 మీదే నిలబడేలా కంపెనీ పెట్టింది. అందుకని ముల్లు 90 దాటిందంటే లోపల నిజంగానే చాలా వేడి ఉందని అర్థం. మీటర్ పక్కన పెట్టి స్కానర్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ చూడండి. గాలి తగిలినప్పుడు చల్లబడిపోయి, ఆగినప్పుడు మరిగిపోతోందంటే నాకు రెండు అనుమానాలు. ఎవరో థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచి మూసే వాల్వు) పీకేశారు. రేడియేటరో ఫ్యానో పని చేయడం లేదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ ట్యాంకు మూత తీసి లోపల ఏ రంగుందో చెప్పండి. గులాబీ రంగు ఉండాలి. ఇంకా ఏదీ విప్పొద్దు.


పానగల్_ఆర్‌ఎస్, ఆదివారం ఉదయం 11:05

సార్, మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది. గులాబీ రంగు ఊసే లేదు, బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే ‘మా మెకానిక్ బోరు నీళ్లే పోసేవాడు, ఎండాకాలం వేడెక్కుతోందని థర్మోస్టాట్ కూడా తీసేశాడు’ అన్నాడు.

ఆగలేక కింది హోస్ విప్పి థర్మోస్టాట్ ఉండాల్సిన చోటు చూశాను. ఖాళీ. గోడకు మాత్రం తెల్లటి పొర, గోటి మందం. మా అమ్మ నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే సున్నంలా ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెళ్లలు పెళ్లలుగా ఊడింది. రేడియేటర్ ముందు చెయ్యి పెట్టి చూశాను. పైసగం కాలుతోంది, కింద ఒక మూల చల్లగా ఉంది.


పాలమూరు_పాతబండి, ఆదివారం మధ్యాహ్నం 12:30

ఆ చల్లటి మూలకు నీళ్లే పోవడం లేదు. ట్యూబులు మూసుకుపోయాయి. దాన్ని కడిగి బాగుచేయాలని చూడొద్దు, కొత్త రేడియేటరే వేయండి.

నల్లగొండ నీళ్లనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు. మన మనుషుల ఎముకలను వంచింది అదే, నిజం. కానీ ఇంజిన్లో ఇలా పొర కట్టేది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. ఆ పొర వేడిని ఇనుము నుంచి నీళ్లలోకి పోనివ్వదు. భగీరథ నల్లా నీళ్లు తాగడానికి మంచివే, రేడియేటర్‌కు అవీ వద్దు. డిస్టిల్డ్ వాటర్, ఈ కంపెనీ చెప్పిన జీ12 రకం కూలెంట్ సగం సగం. మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు అంటారు కొందరు. అది తుప్పును ఆపుతుంది, నీళ్లు మరిగే హద్దును పెంచుతుంది. మనకు కావలసింది ఆ రెండే.


మిల్లు_మెకానిక్ (మిర్యాలగూడ), ఆదివారం సాయంత్రం 5:50

నేను ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్లు, మోటార్లు చూసుకుంటాను. నీళ్ల సంగతిలో పాలమూరు సార్ చెప్పింది అక్షరాలా నిజం. బాయిలర్‌కు మేం సాఫ్టెనర్ దాటించిన నీళ్లే పంపుతాం. ఒక్క సీజన్ ఏమరుపాటుగా ఉంటే ట్యూబుల్లో పొర కట్టి ఊక రెట్టింపు కాల్చినా ఆవిరి లేవదు.

కానీ థర్మోస్టాట్ సంగతిలో నాది వేరే మాట. ముప్పై ఏళ్లుగా ఈ పక్క అంబాసిడర్లకు, జీపులకు, డీసీఎంలకు తీసేస్తూనే ఉన్నాం. 45 డిగ్రీల ఎండలో ఇంజిన్‌ను వెచ్చగా ఉంచే వస్తువు దేనికి? నీళ్లు ఎప్పుడూ తిరుగుతుంటే మంచిదే కదా. ఇంకోటి, లోపలి పొర పోవాలంటే బాయిలర్‌కు వాడే యాసిడ్ పలచగా కలిపి పది నిమిషాలు తిప్పితే అద్దంలా అవుతుంది.


పాలమూరు_పాతబండి, ఆదివారం రాత్రి 8:10

అన్నా, మీ అనుభవాన్ని కాదనను. పాత జీపులకు అది నడిచింది. ఈ బండికి ఎందుకు నడవదో చెప్తాను, మీరే చూడండి.

ముందు యాసిడ్. మీ బాయిలర్ ఉక్కు. ఈ ఇంజిన్‌కు కింది బ్లాకు పోత ఇనుము, పై హెడ్ అల్యూమినియం. ఆ యాసిడ్ పొర కంటే ముందు అల్యూమినియంను తినేస్తుంది. ఆ రెండింటి మధ్య సీలు, అంటే హెడ్ గ్యాస్‌కెట్, కూర్చునే చోట గుంటలు పడితే మళ్లీ బాగవదు. డిస్టిల్డ్ వాటర్ నింపడం, నడపడం, చల్లారాక వదలడం. తేటగా వచ్చేదాకా ఎన్నిసార్లైనా ఇదే పని. నిదానమే, కానీ నష్టం లేదు.

ఇక థర్మోస్టాట్. ఇది 87 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. మొత్తం తెరుచుకున్నాక నీళ్లకు అడ్డేమీ ఉండదు. కాబట్టి ఊళ్లో వేడెక్కడానికి కారణం అది కాదు. అది లేకపోతే హైవే మీద ఇంజిన్ ఎప్పటికీ వేడెక్కదు. బండిలో కంప్యూటర్ ఉంది కదా, అది ‘ఇంకా చల్లగానే ఉంది’ అనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. కాలని పెట్రోల్ సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే ముందు దెబ్బ తినేది టర్బో బేరింగ్. జీపుకు కంప్యూటరూ లేదు, టర్బో కూడా లేదు.

నమ్మకం కుదరకపోతే కొత్తది కొనగానే వంటింట్లో పరీక్షించండి. గిన్నెలో నీళ్లు పోసి, దారానికి కట్టి వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి పొయ్యి వెలిగించండి. ఎప్పుడు నోరు తెరుస్తుందో కళ్లారా చూడొచ్చు.


మిల్లు_మెకానిక్, ఆదివారం రాత్రి 9:30

పెట్రోల్ ఆయిల్లో దిగే సంగతి నేను ఆలోచించలేదు. మా మిల్లులో పాత కారొకటి థర్మోస్టాట్ లేకుండా తిరుగుతోంది, ఇప్పుడే పోయి డిప్ స్టిక్ తీసి వాసన చూశాను. పెట్రోల్ వాసన వస్తోంది, మట్టం కూడా పైకి ఎక్కింది. యాసిడ్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

నల్లగొండ తమ్ముడూ, నువ్వు ‘షాబాదు బండలు’ అన్న దగ్గర్నుంచి నాకు అదే టెన్షన్. బండ కింద ఇసుక దిగిపోయి గుల్లగా ఉంటే జాకీ చక్రం ఒక్కచోట బరువు మోపగానే ఫట్‌మని పగులుతుంది. అంగుళం మందం చెక్కపలక రెండడుగుల వెడల్పుది వేసి దానిమీద జాకీ, స్టాండ్లు పెట్టు. స్టాండ్ల మీద దించాక బండిని చేత్తో అటూ ఇటూ ఊపి చూడు. తీసిన రెండు టైర్లు బండి తలుపుల కింది గడప కింద పడుకోబెట్టు. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టొద్దు. మా దగ్గర ఒక పిల్లవాడు చెయ్యి పోగొట్టుకోవడం నేను చూశాను.


గద్వాల_పాలియో, సోమవారం మధ్యాహ్నం 2:15

నాది పాలియో 1.6, నేనూ ఇంట్లోనే చేసుకుంటాను. ఇంకా ఎవరూ రబ్బరు గురించి అనలేదేంటి? 2005 నాటి పెట్రోల్ హోసులు ఇప్పటి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) కోసం చేసినవి కావు. ఇథనాల్‌కు పాత రబ్బరు ఉబ్బుతుంది, తర్వాత పగులుతుంది. పోయినేడు మా బండిలో ఇంజెక్టర్ల దగ్గరి హోస్‌ను వేళ్లతో వంచితే చిన్న చిన్న నెర్రెలు కనిపించాయి, చెరువు ఎండినప్పటి ఒండ్రులా. కింద కాలే ఎగ్జాస్ట్ ఉంది, ఊహించుకోండి. ఇథనాల్‌కు తట్టుకునే హోసూ, దానికి తగ్గ క్లిప్పులూ వేసి అన్నీ మార్చేశాను. పాత ట్యాంకులోని మడ్డిని కూడా ఇథనాల్ కడిగి తెస్తుంది. అందుకే పెట్రోల్ ఫిల్టర్ వెంటనే ఒకసారి, రెండు వేల కిలోమీటర్లకు ఇంకోసారి మార్చుకోండి.

ఆర్‌సీ చూసుకున్నారా? 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10 వేలకు పెంచింది.


పానగల్_ఆర్‌ఎస్, సోమవారం రాత్రి 9:00

అక్కా, ఆర్‌సీ పోయినేడే 2030 దాకా అయింది. హోసులు రేపే చూస్తా. మిల్లు అన్నా, పలకలు మా నాన్న పాత మంచం నుంచి తీసిచ్చారు.

ఇంకో సంగతి. ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగడం లేదు. బాగా వేడెక్కాక మాత్రం విమానంలా ఒక్కసారి లేస్తోంది.


సూర్యాపేట_వైరింగ్, సోమవారం రాత్రి 10:40

అది నా డిపార్ట్‌మెంట్. ఈ బండి ఫ్యాన్‌కు రెండు స్పీడ్లు. ఏసీ బటన్ నొక్కిన వెంటనే మెల్ల స్పీడ్ రావాలి. నీకు ఫాస్ట్ ఒక్కటే వస్తోందంటే మోటార్ మంచిదే, మెల్ల స్పీడ్ రెసిస్టర్ కాలిపోయింది. ఈ బండ్లలో ఇది మామూలే. డైరెక్టుగా స్విచ్ పెట్టి తిప్పుకోమని చెప్పేవాళ్లుంటారు, వినకు. ఒకరోజు స్విచ్ వేయడం మర్చిపోతావు, హెడ్ గ్యాస్‌కెట్ పోతుంది.

కాయిల్స్ నాలుగూ విప్పి ఒక్కొక్కటి చూడు. ప్రతి స్పార్క్ ప్లగ్గు నెత్తిన, దానికి కరెంటు ఇచ్చే కాయిల్ ఒకటి ఉంటుంది. ఒకటి పోతే స్కానర్‌లో పీ0301 నుంచి పీ0304 దాకా ఏదో ఒకటి వస్తుంది. చివరి అంకె సిలిండర్ నంబర్. అనుమానం ఉంటే ఆ కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చు. మిస్సింగ్ కూడా దాంతోపాటే మారితే కాయిల్ పోయినట్టే. ప్లగ్గులకు 30 ఎన్‌ఎం, చల్లటి ఇంజిన్ మీదే. వేడిమీద బిగిస్తే అల్యూమినియం మరలు ఊడొస్తాయి.

బ్యాటరీ ఎర్త్ వైరు బాడీకి బిగించే చోట పెయింట్ గీకి, మెరిసేలా చేసి బిగించు. వరి కోతలప్పుడు షెడ్డులో ఎలుకలు చేరతాయి, వైర్ల మీది ప్లాస్టిక్ కొరుకుతాయి. రాత్రి బానెట్ ఎత్తి లోపల ఒక లైటు వేసి ఉంచు, వెలుతురు ఉన్న చోట అవి తక్కువగా చేరతాయి. మా కస్టమర్లకు ఇదే చెప్తాను, పనిచేస్తోంది.


పానగల్_ఆర్‌ఎస్, మరుసటి ఆదివారం రాత్రి 11:20

వారం రోజులు సెలవు పెట్టి చేశాను. మొత్తం రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది.

పిస్టన్లనూ వాల్వులనూ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేదు. ఈ ఇంజిన్లో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, 20 వాల్వులు వంగిపోతాయి. అందుకని బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి మార్చాలని నిర్ణయించుకున్నా. రేడియేటర్, బెల్టు కిట్టు, థర్మోస్టాట్ హైదరాబాద్ వెళ్లి రాణిగంజ్‌లోనూ పుత్లీబౌలిలోనూ తిరిగి తెచ్చాను. ఒక రోజంతా పట్టింది.

ఇంజిన్ మౌంట్ విప్పాలి కాబట్టి ఆయిల్ చాంబర్ కింద చెక్కపలక పెట్టి జాకీతో ఇంజిన్ బరువు ఆనించాను. ఒకటో సిలిండర్ పైకి వచ్చేలా చేత్తో తిప్పి కింద పుల్లీ గుర్తు, పైన క్యామ్ గుర్తు కలిపాను. పాత బెల్టు తీయకముందే రెండు చోట్లా తెల్ల పెయింట్ చుక్క పెట్టుకున్నా. టెన్షనర్ డ్యాంపర్ నూనెతో పనిచేసేది, దాన్ని గబగబా నొక్కితే లోపలి సీలు పోతుందని చదివాను. పానా పావు చుట్టు తిప్పడం, నిమిషం ఆగడం. పిన్ను దూరేదాకా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. కొత్త బెల్టు వేశాక ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూస్తే పైగుర్తు ఒక పన్ను పక్కకు ఉంది! మళ్లీ విప్పాను. మూడోసారికి కరెక్టుగా కూర్చుంది. సెల్ఫ్ కొట్టకముందు చేత్తో తిప్పి చూడమని ఎవరు చెప్పారో కానీ వాళ్లకు దండం.

పాత వాటర్ పంపు చేతిలోకి తీసుకుని షాఫ్ట్ తిప్పితే తిరుగుతోంది. లోపలి రెక్కలు ప్లాస్టిక్‌వి, వేలు పెట్టి ఆపి షాఫ్ట్ తిప్పాను. రెక్కలు ఆగిపోయాయి, షాఫ్ట్ మాత్రం తిరుగుతూనే ఉంది. మధ్యలో వెంట్రుకంత చీలిక. అంటే అది జారుతోంది, నీళ్లు సరిగ్గా తోయడం లేదు. ఇన్నాళ్లూ మూడు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుంటూ వచ్చాయి. పంపు జారుతోంది, రేడియేటర్ మూసుకుపోయింది, ఫ్యాన్ మెల్లగా తిరగదు. వీటన్నిటికీ కలిపి ఆ మెకానిక్ చేసిన వైద్యం థర్మోస్టాట్ పీకడం. కొత్త పంపుకు ఇనుప రెక్కలు.

థర్మోస్టాట్‌ను వంటింట్లో పరీక్షించాం. మా అమ్మే పొయ్యి దగ్గర నిలబడింది. 88 దగ్గర ‘తెరుచుకుంటోంది రా’ అని పిలిచింది.

బ్లాకును డిస్టిల్డ్ వాటర్‌తో అయిదుసార్లు కడిగాను. చివరిసారి తేటగా వచ్చింది. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, పై హోస్ నొక్కుతూ గాలి పోయేదాకా నింపాను. ఫ్యాన్ కూడా మార్చేశాను. మిట్టమధ్యాహ్నం షెడ్డు ముందు ఎండలో అరగంట ఏసీతో నిలబెట్టాను. స్కానర్‌లో 94 నుంచి 99 మధ్య తిరిగింది, ముల్లు 90 మీద కదల్లేదు.

ఇక మిగిలింది ఆ ‘స్స్’ చప్పుడు. ఊగడం కూడా అలాగే ఉంది. కోడ్ పీ0171, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 17.


పాలమూరు_పాతబండి, సోమవారం ఉదయం 5:45

చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. ప్లస్ 17 అంటే కంప్యూటర్ అనుకున్నదానికంటే 17 శాతం పెట్రోల్ ఎక్కువ పోయాల్సి వస్తోంది. ఈ20 వల్ల కొంత పెరుగుతుంది, ఇథనాల్‌కు గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ కావాలి కాబట్టి. కానీ 17 దాని ఒక్కదాని వల్ల రాదు. ఇంజిన్లోకి పోయే గాలిని కొలిచే గాలి మీటర్ లెక్కించని గాలి ఎక్కడో దూరుతోంది.

వ్యవసాయ పైపుల షాపుకు వెళ్లు. టర్బో ముందున్న రబ్బరు పైపు నోటికి సరిపడే పీవీసీ ఎండ్ క్యాప్ కొనుక్కో. మధ్యలో పొక్క పెట్టి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించు. గాలి మీటర్ విప్పి ఆ చోట క్యాప్ దూర్చి క్లిప్పు బిగించు. టైర్లకు గాలి కొట్టే పంపుతో నెమ్మదిగా 10 పీఎస్‌ఐ దాకా ఎక్కించు, అంతకు మించొద్దు. సర్ఫ్ నీళ్లు స్ప్రే బాటిల్‌లో పోసి ప్రతి జాయింటు మీదా కొట్టు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఇంజిన్ ఆవిరి పోయే రబ్బరు పైపులుంటాయి. చేత్తో తాకితే నానిన అప్పడంలా మెత్తగా ఉంటే అవే దొంగలు.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్‌ను మళ్లించే డైవర్టర్ వాల్వు కూడా విప్పి చూడు. లోపలి పిస్టన్‌ను వేలితో పైకి నొక్కి, పక్కనున్న సన్న గొట్టాన్ని బొటనవేలితో మూసి, నొక్కిన వేలు తీసెయ్. పిస్టన్ పైనే నిలబడితే మంచిది. దిగజారిందంటే లోపలి రబ్బరు పొర చిరిగింది.


పానగల్_ఆర్‌ఎస్, సోమవారం రాత్రి 8:30

పీవీసీ క్యాప్, వాల్వు కలిపి 150 రూపాయలు కాలేదు. షాపాయన ‘బోరుకా?’ అంటే ‘కారుకు’ అన్నాను, కాసేపు నా మొహం చూశాడు.

గాలి ఎక్కించగానే మూడు చోట్ల నురగ. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు వదులు. మానిఫోల్డ్ కింది పైపు చేత్తో పట్టుకుంటే నలిగి ఊడొచ్చింది, లోపల నల్లటి జిగురు. డైవర్టర్ వాల్వు పిస్టన్ సార్ చెప్పినట్టే జారింది. పైపులన్నీ, వాల్వూ కొత్తవి వేశాను. ఊగడం ఆగిపోయింది. 780 దగ్గర రాయిలా నిలబడింది.


జడ్చర్ల_44, సోమవారం రాత్రి 9:15

ఒక్కటి మిగిలింది, నా బాధతో చెప్తున్నా, మాట విను. ఆయిల్ చాంబర్ దించి లోపల పంపు ఆయిల్ పీల్చుకునే జాలీ చూడు. గేర్‌బాక్స్ వైపు రెండు బోల్టులు దాక్కుని ఉంటాయి, పొడుగు ఎక్స్‌టెన్షన్ కావాలి. ఆ జాలీ మూసుకుపోతే టర్బోకు ఆయిల్ అందదు. నాకు ఇది ముందు తెలిసి ఉంటే నా టర్బో ఇప్పటికీ ఉండేది. పైపు కూడా మార్చేయ్.

5డబ్ల్యూ40 ఫుల్ సింథటిక్, ఫోక్స్‌వ్యాగన్ 502 00 స్పెసిఫికేషన్ ఉన్నదే పొయ్యి. అయిదు వేలకోసారి మార్చు. గట్టిగా తొక్కి వచ్చాక వెంటనే ఆఫ్ చేయకు. ఊరి మొదట్లోనే నెమ్మదించి ఇంటిదాకా మెల్లగా రా, టర్బో చల్లారుతుంది.


పానగల్_ఆర్‌ఎస్, తర్వాతి ఆదివారం సాయంత్రం 7:10

జాలీ సగానికి పైగా బొగ్గు పలుకులతో మూసుకుపోయి ఉంది అన్నా. టీ డికాక్షన్ వడగట్టాక జల్లెడలో మిగిలేలా. నీ మాట విని ఉండకపోతే నేను కూడా భూత్పూర్ దగ్గర ఆగేవాణ్ని. శుభ్రం చేయలేదు, కొత్తదే వేశాను. టర్బో ఆయిల్ పైపూ కొత్తదే.

ఈరోజు పొద్దున అయిదున్నరకు సాగర్ రోడ్డు ఎక్కాను. దేవరకొండ వైపు ఎక్కువ మలుపులు లేని చోట, ముందు ఎవరూ లేరని చూసుకుని, మూడో గేర్లో 2000 దగ్గర తొక్కాను. ‘స్స్’ లేదు. సీటులోకి అదిమినట్టయింది. నా పక్కన కూర్చున్న మా నాన్న డాష్‌బోర్డు పట్టుకున్నారు. తిరిగి వచ్చేసరికి ఎండ ఎక్కింది, క్లాక్ టవర్ దగ్గర కావాలని ఏసీతో అయిదు నిమిషాలు ఆగాను. ముల్లు 90. ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 4.

రీమ్యాప్ ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. ఇప్పుడే వద్దన్నాను.


పాలమూరు_పాతబండి, ఆదివారం రాత్రి 8:45

ఒకవేళ ఎప్పటికైనా చేయిస్తే ముందు ఇంటర్‌కూలర్ పెద్దది వేయి. కంపెనీ ఇచ్చింది చిన్నది, అదీ బంపర్ మూలలో ఉంటుంది. మే నెల ఎండలో టర్బో దాటిన గాలి చల్లారక ముందే ఇంజిన్లోకి పోతుంది. వేడిగాలి పలచన, పైగా నాకింగ్ (సిలిండర్లో పెట్రోల్ తనంతట తాను పేలడం) వస్తుంది. నాక్ సెన్సర్ చూసి కంప్యూటర్ స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగేస్తుంది. కాగితం మీద 190 ఉన్నా మధ్యాహ్నం పూట మనకు అందేది అంత ఉండదు. ఇంటర్‌కూలర్ ఒక్కటే మార్చినా, రీమ్యాప్ లేకుండానే, ఎండాకాలం తేడా తెలుస్తుంది.

అంతకంటే ముందు టైర్ల మీద చివరి నాలుగు అంకెలు చూడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. బ్రేక్ ఆయిల్ డాట్ 4, రెండేళ్లకోసారి.


గద్వాల_పాలియో, ఆదివారం రాత్రి 9:20

రీమ్యాప్ చేయిస్తే ఇన్సూరెన్స్ వాళ్లకు రాసి ఇవ్వండి, చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా గుర్తుంచుకోండి. ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజిన్ మార్చడం, బాడీ కోయడం జోలికి పోవద్దు.


పానగల్_ఆర్‌ఎస్, ఆదివారం రాత్రి 10:00

అక్కా, అలాగే. టైర్ల మీద 1417 ఉంది. 2017 ఏప్రిల్ అన్నమాట, తొమ్మిదేళ్లు. డబ్బులు రీమ్యాప్‌కు దాచినవే ఉన్నాయి, అవి టైర్లకు పోతాయి. ఆ తర్వాత ముందు చక్రాల సస్పెన్షన్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ‘టక్’ మంటోంది.


మిల్లు_మెకానిక్, ఆదివారం రాత్రి 10:25

బుష్‌లు సుత్తితో కొట్టి దించకు, ఆర్మ్ వంగుతుంది. మా మిల్లు పక్కన లేత్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్ ఉంది. ఆర్మ్‌లు రెండూ విప్పి సంచిలో వేసుకుని ఆదివారం పొద్దున మిర్యాలగూడ రా తమ్ముడూ. పది గంటలకల్లా నొక్కించి పంపిస్తా. వీల్ బోల్టులకు 120 ఎన్‌ఎం, నీ టార్క్ రించ్ కూడా తెచ్చుకో, మాది సరిగ్గా చూపిస్తుందో లేదో దానితో పోల్చి చూడాలి.


పానగల్_ఆర్‌ఎస్, ఆదివారం రాత్రి 10:31

తెస్తా అన్నా. ఎనిమిదికల్లా అక్కడుంటా. మీ పాత కారుకు థర్మోస్టాట్ ఒకటి నల్లగొండలోనే దొరుకుతుంది, మోడల్ చెప్తే వచ్చేటప్పుడు పట్టుకొస్తా.